అప్‌డేటు ఆగిపోయినప్పుడు

కంప్యూటరు ఉన్న ప్రతి యింటను ఎప్పుడో యొకప్పుడు జరుగు సంగతి యొకటి కలదు. రాత్రి పని ముగించి యంత్రమును ఆపబోవుసరికి, అప్‌డేటు చేసి ఆపుమను మాట తెరపై కనబడును. సరేయని నొక్కుదుము. తెల్లవారి చూచునప్పటికి పని పూర్తి కాలేదనియు, మార్పులు రద్దగుచున్నవనియు తెరపై వ్రాసియుండును. లేదా నల్లని తెరపై చిన్న చుక్కలు వలయముగా తిరుగుచు గంటలకొలది అట్లే నిలిచియుండును. అప్పుడు ఇంటిలోనివారందఱు తలకొక సలహా చెప్పుదురు. ఆ సలహాలలో ఏది ముందు వినవలెనో, ఏది యెంతమాత్రము వినరాదో చదువరులకు తెలియజేయవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాము. మేము ఈ విద్యలో పండితులము కాము. ఒక పెద్ద పొరపాటు చేసి, దానివలన నాలుగు దినములు అన్నము రుచింపక, నిద్ర పట్టక, కొంత నేర్చుకొంటిమి. అంతమాత్రమే మా యర్హత.

సాఫ్టువేరు మనుష్యులు వ్రాసినది. మనుష్యులు వ్రాసిన దానియందు తప్పులుండుట సహజము. ఆ తప్పులు ఒక్కొక్కటిగా బయలుపడుచుండును. వానిని సవరించి తయారుచేసిన భాగములను, అనగా అతుకులను, ఇంటర్నెట్టు ద్వారా మన యిండ్లకు పంపుదురు. ఇదియే అప్‌డేటు. ఇండ్లలోని కంప్యూటర్లలో విరివిగా వాడబడు విండోస్ విషయమై మైక్రోసాఫ్ట్ వారు 2003వ సంవత్సరము అక్టోబరు నుండి ఒక నియమము పాటించుచున్నారు. ప్రతి నెలయు రెండవ మంగళవారమునాడు, అమెరికా పశ్చిమతీరమున ఉదయము పది గంటలకు, అతుకులు విడుదలయగును. మన గడియారములలో అది మంగళవారము రాత్రి పదిన్నర. అచ్చటి చలికాలములో పదునొకండున్నర. కావున మనకు అప్‌డేటు అందుట యెక్కువగా బుధవారమే. ఈ నెలవారీ అప్‌డేట్లు గాక సుమారు ఏడాదికొకసారి వచ్చు పెద్దది యొకటి కలదు. నెలవారీది గోడలకు సున్నము వేయించుట వంటిది. ఏటేటిది కప్పు విప్పించి మఱల వేయించుట వంటిది. ఎక్కువగా చిక్కు తెచ్చిపెట్టునది ఈ రెండవదే.

ఇంత యవస్థ యేల, అసలు అప్‌డేటే మానివేసినచో పోదాయని అడుగువారు కలరు. మా యింటను అట్టివారున్నారు. వారికి 2017వ సంవత్సరపు కథ చెప్పవలెను. ఆ యేడు మార్చి 14వ తేదీన మైక్రోసాఫ్ట్ వారు విండోసులోని యొక లోపమునకు అతుకు విడుదల చేసిరి. రెండు నెలలు నిండకమునుపే, మే 12వ తేదీన, వానాక్రై అను దుష్టసాఫ్టువేరు ఆ లోపము గుండనే దేశదేశముల కంప్యూటర్లలోనికి జొరబడి, ఫైళ్ళకు తాళము వేసి, తాళము తీయుటకు డబ్బడిగెను. ఇంగ్లాండులో కొన్ని ఆసుపత్రులు రోగులను వెనుకకు పంపవలసివచ్చెను. మన ఆంధ్రప్రదేశములో పోలీసుశాఖవారి కంప్యూటర్లు కొన్ని దానివాత బడెను. మార్చినెల అతుకు వేసికొనిన యంత్రములలోనికి వచ్చుటకు దానికి ఆ దారి లేకపోయెను. అప్‌డేటు మానుట గొళ్ళెము లేని తలుపు వెనుక నిద్రించుటయే. విండోస్ 10 వాడువారు ఇంకొక సంగతి గమనింపవలెను. దానికి సాధారణముగా వచ్చు ఉచితపు అతుకులు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినవి. ప్రత్యేకముగా నమోదు చేసికొననిచో, ఆ యంత్రమునందు నెలనెలా అప్‌డేటు రాకపోవుట వ్యాధి కాదు, గడువు తీరుటయే.

అప్‌డేటు నడచు తీరు తెలిసినగాని అది యెచ్చట ఆగెనో తెలియదు. ముందుగా యంత్రము తనకు కావలసిన భాగములను ఇంటర్నెట్టు నుండి దించి, డిస్కునందు సాఫ్టువేర్ డిస్ట్రిబ్యూషన్ అను ఫోల్డరులో పేర్చుకొనును. దించినది పూర్తిగా వచ్చినదా, పంపినవారి ముద్ర దానిపై సరిగానున్నదాయని పరీక్షించును. పిమ్మట వానిని విప్పి సిద్ధపఱచును. ఇంతవఱకు మన పని మనము చేసికొనుచునే యుండవచ్చును. కాని విండోస్ నడచుచున్నంతసేపు దాని ముఖ్యమైన ఫైళ్ళు వాడుకలో నుండును గనుక వానిని మార్చుటకు వీలుపడదు. ఇంటిల్లిపాది తిరుగుచుండగా నడవలో గచ్చు వేయలేము గదా! అందుచేత యంత్రము రీస్టార్టు కోరును. రీస్టార్టు చేయునప్పుడు, ఎవరును తిరుగని ఆ నడుమ సమయమున, పాత ఫైళ్ళ స్థానమున క్రొత్తవి పెట్టును. తెరపై నూటికి ఇంతయని సంఖ్య పెరుగుట మనము చూచునది అప్పుడే.

అయినను పాతవానిని వెంటనే పాఱవేయదు. పెంకుటిల్లు కప్పించినవారికి ఇది చెప్పనక్కఱలేదు. విప్పిన పెంకులను పెరటిలో వరుసగా పేర్చియుంచి, క్రొత్త కప్పు ఒక వానకు నిలిచిన పిమ్మటగాని వానిని తీసివేయరు. విండోస్ కూడ పెద్ద అప్‌డేటు సమయమున పాత విండోసునంతయు విండోస్ ఓల్డ్ అను ఫోల్డరులో పది దినములు దాచియుంచును. క్రొత్తది కుదరనిచో పాతదానిని మఱల యథాస్థానమున ఎక్కించును. మార్పులు రద్దు చేయుచున్నాము, కంప్యూటరును ఆపవద్దు అని తెరపై వచ్చు మాటకు అర్థమిదియే. యంత్రము చెడినదని దాని భావము కాదు. యంత్రము తన్ను తాను కాపాడుకొనుచున్నదని భావము. ఈ యొక్క సంగతి మాకు ముందే తెలిసియుండినచో ఈ వ్యాసము వ్రాయు పని యుండెడిది కాదు.

మా తల్లిగారు బ్రతికియున్న చివరి వేసవిలో, సాయంత్రము అరుగుమీద కూర్చుండి, తమ అమ్మమ్మ చెప్పిన కథలను మా చెల్లెలికి చెప్పెడివారు. చెల్లెలు వానిని తన ఫోనులో బొమ్మతో సహా పట్టినది. ముప్పది సాయంత్రములకు పైబడిన కథలు. తరువాత ఫోను నిండిపోవుటచే వానినన్నిటిని ఇంటి ల్యాప్‌టాపులోనికి మార్చి, కొన్నాళ్ళకు ఆ ఫోనును కూడ మార్చివేసినది. ల్యాప్‌టాపు డిస్కు 128 జి.బి. మాత్రమే. మఱియొక ప్రతి తీసియుంచవలెనని మాలో నొక్కరికిని తోచలేదు.

ఒక రాత్రి ఏటేటి అప్‌డేటు వచ్చెను. రీస్టార్టయి, సంఖ్య కొంతవఱకు పెరిగి, అకస్మాత్తుగా మార్పులు రద్దు చేయుచున్నామను మాట తెరపైకి వచ్చి, నూటికి 34 వద్ద నిలిచెను. గంటన్నర చూచితిమి. యంత్రము చచ్చినదని నిశ్చయించుకొని, పవరు మీటను పది సెకనులు అదిమిపట్టి ఆపితిమి. మఱల పెట్టితిమి; మఱల అదియే మాట; మఱల ఆపితిమి. అనగా పాత పెంకులు సగము ఎక్కించిన కప్పుమీదినుండి పనివానిని రెండుసార్లు క్రిందికి లాగితిమి! మూడవసారి విండోస్ రానేలేదు.

ఇంజనీరింగు చదువుచున్న మా మేనల్లుడు వచ్చి చూచెను. "మామయ్యా! ఫార్మాటు చేసి క్రొత్తగా విండోస్ వేసినచో గంటలో బాగుపడును. ఇప్పుడే వేసెదను" అనెను. బజారులోని మరమ్మతుల దుకాణదారుడును అదియే చెప్పెను. వారి మాటలో అబద్ధము లేదు. నిజముగనే గంటలో యంత్రము బాగుపడియుండెడిది. చెల్లెలు మాత్రము గడపలో నిలుచుండి, "అన్నయ్యా, అమ్మ కథలు దానిలోనే యున్నవి" అని యూరకుండెను. ఫార్మాటు అనగా డిస్కునందు దాచినదానినెల్ల తుడిచివేయుట. యంత్రము బాగుపడుట వేఱు, మనకు కావలసినది మనకు దక్కుట వేఱు అని అప్పుడు మాకు తెలిసెను. మేనల్లుని చేయి పట్టుకొని ఆపితిమి.

విండోస్ వరుసగా రెండు మూడుసార్లు ప్రారంభము కాలేనిచో, తనంతట తాను మరమ్మతు పుట యొకటి తెఱచును. నీలిరంగు తెరపై కొన్ని మార్గములు చూపును. ట్రబుల్‌షూట్ అనుదానిలోనికి పోయినచో ఇటీవలి అప్‌డేటును తొలగించుట, వెనుకటి స్థితికి మరలించుట, సేఫ్ మోడు అను పరిమితస్థితిలో నడపుట మొదలగునవి యుండును. మేము ఆ దారిని పోబోవగా యంత్రము ఒక తాళపుచెవి యడిగెను. నలువది యెనిమిది అంకెల సంఖ్య! అట్టిది యొకటి యున్నదనియే మాకు తెలియదు.

చదువరులు ఇచ్చట కొంచెము నిలువవలెను. ఇటీవలి యంత్రములు పెక్కింటియందు డిస్కులోని సమాచారమునంతయు రహస్యలిపిలో దాచుట జరుగుచున్నది. ల్యాప్‌టాపు దొంగిలింపబడినను దొంగకు ఫైళ్ళు అందరాదని యీ యేర్పాటు. 2024లో వచ్చిన విండోస్ 11 పెద్ద అప్‌డేటు నాటినుండి, మైక్రోసాఫ్ట్ అకౌంటుతో క్రొత్తగా సిద్ధపఱచిన కంప్యూటర్లలో మునుపటికన్న ఎక్కువవానికి ఇది మనలను అడుగకయే అమలగుచున్నది. దినదినము వాడుకొనునప్పుడు దీని ఉనికియే తెలియదు. అప్‌డేటు చెడి మరమ్మతు పుట తెఱచినప్పుడు మాత్రము తాళపుచెవి కావలెను. అది లేనివారికి ఆ ఫైళ్ళు ఇక దొరకవు. దుకాణదారుడు గాని, తయారుచేసినవారు గాని తీయలేరు. ఆ సంఖ్య సాధారణముగా, యంత్రమును మొదట సిద్ధపఱచిన వారి మైక్రోసాఫ్ట్ అకౌంటులో దాచబడియుండును. మఱియొక కంప్యూటరు నుండియో ఫోను నుండియో ఆ అకౌంటు తెఱచి చూడవచ్చును. మా యంత్రమును సిద్ధపఱచినది చెల్లెలు. ఆమె ఆ అకౌంటు రహస్యపదమును మఱచిపోయియుండుటచే ఒక దినమంతయు దానికే సరిపోయెను. ఆ దినము మా యింట ఎవరును ఎవరితోను సరిగా మాటలాడలేదు.

ఆ నలువది యెనిమిది అంకెలు ఆఱేసి చొప్పున ఎనిమిది గుంపులుగా నుండును. గణితమునందు అభిరుచి గల విద్యార్థులకు ఒక ముచ్చట: ప్రతి గుంపును 11చేత నిశ్శేషముగా భాగింపబడును. ఒక అంకెను తప్పుగా కొట్టినచో ఆ గుంపు 11చేత భాగింపబడదు గనుక, పొరపాటు ఏ గుంపునందున్నదో యంత్రము వెంటనే కనిపెట్టగలదు. బేసిస్థానముల అంకెల మొత్తమునకును సరిస్థానముల అంకెల మొత్తమునకును గల భేదమును చూచు సూత్రము మన తరగతులలో చెప్పుచునే యున్నారు. అది యిట్లు పనికివచ్చునని మేమెన్నడు నూహింపలేదు.

తాళపుచెవి దొరికిన పిమ్మట యంత్రమును సేఫ్ మోడులో నడపితిమి. విండోస్ తన కనీసపు భాగములతో మాత్రమే మేలుకొనెను. తెర మసకగా, అక్షరములు పెద్దవిగా నుండెను. ఆ స్థితిలో మేము మరమ్మతు జోలికి పోలేదు. ముందుగా బయటి డిస్కు ఒకటి తగిలించి కథలన్నిటిని దానిలోనికి ఎత్తితిమి. ఒకదానిని తెఱచి, కంఠము వినబడుచున్నదని రూఢి చేసికొంటిమి. ఆ తరువాతనే సగములో నిలిచిన అప్‌డేటును తొలగించుటకు పూనుకొంటిమి. అది నలువది నిమిషములలో తొలగిపోయి, పాత విండోస్ యథాప్రకారము వచ్చెను.

ఇక కారణము వెదకుట. సెట్టింగ్సులో విండోస్ అప్‌డేటు అను భాగమునందు అప్‌డేటు హిస్టరీ యని యొక పుట కలదు. ఏ అప్‌డేటు ఎప్పుడు కుదిరినది, ఏది కుదరలేదు, కుదరనిదానికి ఏ సంఖ్య చూపినది యను వివరములు అచ్చట నుండును. మా యంత్రము చూపిన సంఖ్య: సున్న, ఎక్స్ అను అక్షరము, పిమ్మట 80070070. చూచుటకు భయము గొల్పు నీ సంఖ్యలను విడదీసి చదువుట కష్టము కాదు. మొదటి నాలుగంకెలు 8007. విండోసులోని సామాన్యమైన తప్పుల పట్టికను చూడుమని వాని భావము. తరువాతి నాలుగంకెలు ఆ పట్టికలోని వరుససంఖ్య. అయితే అది పది యాధారముగా గాక పదునాఱు ఆధారముగా వ్రాసినది. 0070 అనగా ఏడు పదునాఱులు, 112. ఆ పట్టికలో 112వది, డిస్కులో చాలినంత చోటు లేదనుట. ఇట్లే 0005 అయినచో 5వది, ప్రవేశమునకు అనుమతి లేదనుట. 0002 అయినచో కావలసిన ఫైలు కనబడలేదనుట. 80073712 అని వచ్చినచో 3712ను విడదీయగా 14098. విండోస్ తన భాగములను దాచుకొను కొట్టు చెడినదని దాని యర్థము. కాగితము, పెన్సిలు చాలును.

మా డిస్కులో చోటెందుకు లేకపోయెనో చెప్పనేల? అమ్మ కథలే దానిని నింపినవి. వానిని దాచిన కారణముననే వానిని పోగొట్టుకొనునంత పని జరిగెను.

అయితే ఆ సంఖ్య యెల్లప్పుడు నిజమే చెప్పునా? చెప్పదు. 2024 జనవరి 9వ తేదీన విండోస్ 10కు కే.బి. 5034441 అను సంఖ్యతో ఒక అప్‌డేటు వచ్చెను. అది పెక్కు యంత్రములలో కుదరక 80070643 అను సంఖ్యను చూపెను. 0643ను విడదీసినచో 1603, అనగా స్థాపన విఫలమైనదను బోడిమాట. జనులు ఇంటర్నెట్టును అనుమానించిరి, ఫోల్డర్లు ఖాళీచేసిరి, కొందఱు విండోసునే క్రొత్తగా వేసికొనిరి. అసలు కారణము వేఱు. పైన చెప్పిన మరమ్మతు పుటకు డిస్కునందు ప్రత్యేకముగా ఒక చిన్న గది, అనగా పార్టిషను, ఉండును. ఆ గదిలో ఈ అప్‌డేటుకు 250 ఎం.బి. ఖాళీ కావలెను, పెక్కింటిలో అంత లేదు. చోటు చాలదని చెప్పవలసిన యంత్రము, ఆ తప్పును తెలుపు భాగమునందే ఒక తప్పుండుటచేత, వేఱొక సంఖ్యను చూపెనని మైక్రోసాఫ్ట్ వారే ప్రకటించిరి. గది పెంచుకొను విధానమును వారు ప్రచురించిరి గాని, అది డిస్కును కోసి కుట్టు పని. ఆదేశములో ఒక పంక్తి తప్పినచో వేఱొక గదియే తుడిచిపెట్టుకొనిపోవును. ఫైళ్ళకు రెండవ ప్రతి లేనివారు దానిని ముట్టరాదని మా యభిప్రాయము. అసలు ఆ గదియే లేని యంత్రములకు ఆ అప్‌డేటు అవసరము లేదని కూడ వారు తెలిపిరి. కావున సంఖ్యను చదివి, అది చెప్పిన కారణము మన యంత్రమునందు కన్నులకు కనబడుచున్నదాయని పోల్చిచూచుకొనవలెను. మా విషయములో డిస్కు తెఱచి చూడగా మిగిలిన చోటు 3 జి.బి. మాత్రమే, సంఖ్యయు డిస్కును ఒకే మాట చెప్పినవి.

పంపువారి పొరపాట్లును లేకపోలేదు. 2018 అక్టోబరు 2వ తేదీన విడుదలయిన పెద్ద అప్‌డేటు, కొందఱి డాక్యుమెంట్స్ ఫోల్డరులోని ఫైళ్ళనే చెఱిపివేయుటచేత, కొలది దినములలోనే దానిని ఆపివేసి నవంబరులో మఱల విడుదల చేసిరి. 2024 జూలై 19వ తేదీన క్రౌడ్‌స్ట్రైక్ అను రక్షణ సాఫ్టువేరువారు పంపిన యొక అప్‌డేటు వలన సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు నీలితెర వేసికొని కూర్చుండెను. ఆ దినము హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు బోర్డింగు పాసులు చేతితో వ్రాసి యిచ్చిరి. అది కార్యాలయములు వాడు సాఫ్టువేరు గనుక ఇండ్లకు దానితో పని లేకపోయెను. అయినను పరీక్షల ముందు, దరఖాస్తుల గడువు ముందు అప్‌డేటును ఒక వారము వాయిదా వేయుట మంచిది. సెట్టింగ్సులో అందుకు వీలున్నది. అయిదు వారములవఱకు వాయిదా వేయవచ్చును. శాశ్వతముగా కాదు.

కారణము తెలియనివారు ఏ వరుసలో వెదకవలెను? మా యనుభవమునుబట్టి చెప్పెదము. ఏ పనియు హాని చేయనిది ముందు, హాని చేయగలది చివర. ఒక్కసారి సరియైన పద్ధతిలో రీస్టార్టు చేసి మఱల ప్రయత్నించుట మొదటిది. చాలసార్లు ఇంతటితోనే కుదురును. పిమ్మట డిస్కులోని చోటు. పెద్ద అప్‌డేటుకు 20 జి.బి. పైగా ఖాళీ యుండినచో మనస్సు నెమ్మదిగా నుండును. ప్రింటరు, పెన్‌డ్రైవు మొదలగు తగిలింపులనన్నిటిని తీసివేయవలెను. ఫోను హాట్‌స్పాటుతో నడుపువారు, ఆ కనెక్షను మీటర్డ్ అని గుఱుతింపబడినదేమో చూడవలెను. అట్లున్నచో డబ్బు ఖర్చగునను జాగ్రత్తచే విండోస్ పెద్ద అప్‌డేట్లను దించక ఊరకుండును.

పాత డెస్క్‌టాపు ఉన్నవారు గడియారమును చూడవలెను. ఇది చిన్న విషయముగా తోచును గాని, మేము ఇద్దఱి యిండ్లలో ఇదియే కారణమగుట చూచితిమి. కరెంటు తీసివేసినను కాలమును లెక్కించుకొనుటకు మదర్‌బోర్డుమీద రూపాయిబిళ్ళ వంటి బ్యాటరీ యొకటి యుండును. ఏండ్లు గడచినపిమ్మట అది నీరసించి, యంత్రమును పెట్టినప్పుడెల్ల తేదీ ఎన్నో యేండ్లు వెనుకకు పోవును. అప్‌డేటు పంపు సర్వరు తన ధ్రువపత్రమును చూపగా, ఆ పత్రమునకు గడువు ఇంకను ప్రారంభము కాలేదని మన యంత్రము దానిని నమ్మక తలుపు వేసికొనును. ఆ బ్యాటరీ చాలవఱకు సి.ఆర్. 2032 అను రకము. బజారులో సులభముగా దొరకును. దానిని మార్చి తేదీ సరిచేసినచో అప్‌డేటు నడచును.

ఇవి ఫలింపనిచో, విండోసు తనలోనే యుంచుకొనిన ట్రబుల్‌షూటరును నడపవలెను. దించిన భాగములు చెడినవను అనుమానమున్నచో, అప్‌డేటు సర్వీసులను తాత్కాలికముగా ఆపి, సాఫ్టువేర్ డిస్ట్రిబ్యూషన్ ఫోల్డరు పేరు మార్చినచో యంత్రము వానిని మఱల మొదటినుండి దించుకొనును. దానిలో మన సొంత ఫైళ్ళుండవు గనుక భయము లేదు. విండోస్ భాగముల కొట్టే చెడినచో అడ్మినిస్ట్రేటరు హక్కుతో కమాండు ప్రాంప్టు తెఱచి, ముందు డిజమ్ అను పనిముట్టును, పిమ్మట ఎస్.ఎఫ్.సి. అను పనిముట్టును నడపవలెను. మొదటిది కొట్టును బాగుచేయును; రెండవది ఆ కొట్టునుండి మంచి భాగములను తెచ్చి చెడినవాని స్థానమున పెట్టును. వరుస మార్చినచో, చెడిన కొట్టునుండి సరకు తెచ్చినట్లగును. మొదటిది నడుమ ఒకచోట చాలసేపు నిలుచును. కంగారుపడి కిటికీ మూయరాదు.

అప్పటికిని కుదరనిచో, ఫైళ్ళను ప్రోగ్రాములను ఉన్నవి ఉన్నట్లుంచి విండోసును మాత్రము మఱల వేసికొను మార్గము కలదు. విండోస్ 11లో సెట్టింగ్సులోని రికవరీ పుటయందే దానికి మీట పెట్టిరి. విండోస్ లోపలినుండి కాక బయటినుండి వేయవలసివచ్చినచో 8 జి.బి. పెన్‌డ్రైవు కావలెను. రీసెట్ అను మాట వేఱు. అందులో ఫైళ్ళను ఉంచుము, అన్నిటిని తీసివేయుము అని రెండు దారులున్నవి; తొందరలో రెండవదానిని నొక్కినచో ఫార్మాటు చేసినట్లే. మొదటిదానిలో ఫైళ్ళు మిగిలినను మనము వేసికొనిన ప్రోగ్రాములు పోవును.

తప్పుసంఖ్యను ఇంటర్నెట్టులో వెదకునప్పుడు, మా సాఫ్టువేరును దించుకొనుడు, అన్నియు బాగుపడునని పిలుచు పుటలు ఎన్నో యెదురగును. వానిని దాటిపోవలెను. ఎవరో ఫోను చేసి, మీ కంప్యూటరులో దోషమున్నది, మేము దూరమునుండి సరిచేసెదము, ఈ సంఖ్య చెప్పుడనినచో ఫోను పెట్టివేయవలెను. అప్‌డేటు ఆగినదని తయారుచేసినవారు ఎవరింటికిని ఫోను చేయరు.

కథలు బయటి డిస్కులోనికి, పిమ్మట చెల్లెలి క్రొత్త ఫోనులోనికి చేరిన తరువాత, ల్యాప్‌టాపు నుండి వానిని తీసివేసితిమి. 40 జి.బి. ఖాళీ యయ్యెను. నలువది యెనిమిది అంకెలను ఇంటి పద్దుపుస్తకము చివరి పుటలో వ్రాసితిమి. ఆదివారము మధ్యాహ్నము భోజనములైన పిమ్మట, చార్జరు తగిలించి, అప్‌డేటును మఱల ప్రారంభించితిమి. రీస్టార్టయ్యెను. సంఖ్య పెరిగి పెరిగి సరిగా 34 వద్దనే మఱల నిలిచెను. మేనల్లుడు మా ముఖము చూచెను. మేము చేతులు కట్టుకొని కూర్చుంటిమి. చెల్లెలు తన ఫోను తీసి, అమ్మ చెప్పిన కథలలో ఏడు చేపల కథను పెట్టెను. నడుమ ఎక్కడనో వీధిలో కూరలమ్మి కేక, అమ్మ కథ నిలిపి ఆమెతో బేరమాడుట, పిమ్మట ఎక్కడ ఆపితినని చెల్లెలినడుగుట, అన్నియు వినబడినవి. కథ ముగియునప్పటికి తెరపై సంఖ్య 61 అయియుండెను.